పద్నాలుగో గడి

ఆదోని
9 జూన్ 2025

అక్కకు,

శేషప్ప రాసేదేమంటే, ఈడ మేమంతా బాగుండాం. నువ్వు బాగుండావో లేదో నాకు తెలీదు గానీ, పత్తికొండ మద్దయ్యకి తెలుసంట.

మూడు దినాలుగా నీకు ఫోను చేస్తాండా. ఆపేసినారంటుంది. అందుకే ఎన్నో ఏండ్ల తర్వాత నీకు జాబు రాస్తాండా. ఎమ్మిగనూరు బస్సు కండక్టరు వెంకటేశులు చేతికిచ్చి పంపిస్తాండా. ఎట్లా నీ హోటలు ముందరే బస్సు ఆపుతాడు గదా, వానికి ఒక పొట్లం ఉగ్గాని, రెండు బజ్జీలు ఇచ్చి పంపించు.

సంగతేందంటే, నాలుగు దినాల కింద ఆ మద్దయ్య అనే ఆయప్ప నాకు ఫోను చేసినాడు. పత్తికొండ టమోటా మార్కెట్లో కమీషన్ ఏజెంటంట. అరవై మూడేండ్లు. "హులిగమ్మ గారి తమ్ముడేనా?" అన్నాడు. ఔనన్నా. "మీ అక్కగారి సంబంధం గురించి మాట్లాడాల" అన్నాడు. ఏం సంబంధమప్పా అంటే, "రెండో తోడు" అని పెండ్లిండ్ల కంపెనీ ఒకటి ఉందంట, వాళ్ళు నీ వివరాలు ఇచ్చినారంట. వయసు యాభై ఎనిమిది, భర్త పోయి మూడేండ్లు, సొంత హోటలు, సొంత ఇల్లు, ఒక్క కొడుకు. నీ నంబరు కింద నా నంబరు. మీ అక్కకు సుగరు ఉందా అని గూడా అడిగినాడు. లేదన్నా. ఆ మనిషి సంతోషం నువ్వు చూడాల.

అక్కా, నీకు మళ్ళీ పెండ్లి చేసుకోవాలని ఉంటే చేసుకో. నేనేం పాతకాలపోన్ని కాదు. కానీ తోడబుట్టినోనికి ఒక్క మాట చెప్పకుండా కంపెనీలో పేరు రాయించుకుంటావా? పెండ్లికొడుకు నోటి నుంచి వినాల్నా నేను? నీ మరదలు ముక్కు మీద వేలేసుకుంది, ఇంకా తీయలేదు.

నీకు ఉండే ఒకే ఒక్క తమ్ముడు,
శేషప్ప


ఎమ్మిగనూరు
10 జూన్

ఒరేయ్ శేషప్పా,

ఆశీర్వాదం చివర్లో ఇస్తా. ముందు తిట్లు తిను.

పొద్దున నాలుగింటికి లేచి బొరుగులు తడిపి, మిరపకాయలు చీల్చి, పదకొండు దాకా పొయ్యి ముందర మాడిపోయే మనిషికి పెండ్లికొడుకును వెతుక్కునే తీరిక యాడుందిరా? ఉన్న ఒక్క మొగునితోనే ముప్పై రెండేండ్లు వేగినా. ఇంకొకన్ని తెచ్చుకొని వానికి గూడా చట్నీ రుబ్బల్నా?

నీకు ఒక్కడే చేసినాడు. నాకు పదకొండు మంది చేసినారు. చిప్పగిరి నుంచి ఒకాయప్ప, రిటైరైన లైన్‌మన్, పింఛను ఎంత వస్తుందో పైసలతో సహా చెప్పినాడు. ఇంకొకాయప్ప ఏకంగా హోటలుకే వచ్చి, రెండు ప్లేట్లు తిని, "వంట బాగుందమ్మా, మిగతాది పెద్దోళ్ళం కూర్చొని మాట్లాడుకుందాం" అన్నాడు. రెండు ప్లేట్లకు డబ్బులు కక్కించి పంపించినా. అందుకే ఫోను ఆపేసి బొరుగుల డబ్బాలో పడేసినా.

నీకు నవ్వులాటగా ఉంటుంది. సుధాకర్‌కి లేదు. వాడు ఎరువుల అంగట్లో పని చేస్తాండాడు గదా, ఆడికి ఫోను చేసినారు. "మీ అమ్మగారి పెండ్లికి మీకేమైనా అభ్యంతరమా?" అని. ఫోను స్పీకరులో ఉందంట. నలుగురు రైతులు విన్నారు. నేను కాదురా నాయనా అంటే, వాడు ఆ కంపెనీకే తిరిగి చేసి అడిగినాడు. "అమ్మగారు ఒప్పుకున్నట్లు మా దగ్గర రికార్డు ఉంది" అన్నారంట. కన్నతల్లి మాట కంటే రికార్డు గొప్పదైపోయింది వానికి. నాలుగు దినాలుగా నాతో మాట్లాడటం లేదు.

ఇంకొకటి. నా పేరు పక్కన నీ నంబరు రాసింది ఒక్క బ్యాంకు ఫారంలోనే. మీ బావ పోయినాక ఖాతా నా పేరుకు మార్చినప్పుడు ఆదోని బ్రాంచిలో నువ్వే నింపితివి గదా. హోటలు రాబడి ఎంతక్కా అంటే నాకేం తెలుసురా అన్నా. నువ్వు గొప్ప కోసం ఏడాదికి ఆరు లక్షలు అని రాసినావు. ఆ ఆరు లక్షలు నీ బుర్రలో పుట్టినవి, లోకంలో ఇంకెవరికీ తెలీవు. నీ మద్దయ్యను అడుగు, నా రాబడి ఎంతని చెప్పినారో.

ఆశీర్వాదం. మరదలిని ముక్కు మీద వేలు తీయమను.

మీ అక్క,
హులిగమ్మ


ఆదోని
16 జూన్

అక్కకు తమ్ముడు రెండు చెంపలూ వేసుకొని రాసేది,

మద్దయ్యను అడిగినా. ఆరు లక్షలే అన్నాడు. పాపం, చాలా ఆశ పెట్టుకున్నాడు. నిజం చెప్పినాక, "పోనీ, మీ అక్క హోటలు యాడుంది, ఒకసారి తినేసి పోతా" అన్నాడు. నేను అడ్రసు చెప్పలేదు.

అంటే మన బ్యాంకే నీ బతుకంతా తీసుకొని పోయి ఆ కంపెనీ చేతిలో పెట్టింది. దొంగనాయాండ్లు! మొగుడు పోయిన ఆడోళ్ళ లిస్టు తీసి అమ్ముకుంటారా? మనం పరిహారం అడగాల. ఈ పని నాకు వదిలేయ్. ఫారాల విషయంలో ఆదోనిలో నన్ను మించినోడు లేడని నీకు తెలుసు. నేను పని చేసే మిల్లు మూతపడినప్పటి నుంచి పన్నెండేండ్లుగా బ్యాంకు మెట్ల పక్కన బల్ల ఏసుకొని కూర్చోనుండా. నేను నింపిన ఫారం ఇంతవరకు ఒక్కటి వెనక్కి రాలేదు. మేనేజర్ మహేశ్వరే "శేషప్ప నింపినాడంటే చూడాల్సిన పనిలేదు" అంటాడు.

ఈ దినం ఫిర్యాదు ఇచ్చి, ముద్ర ఏయించుకున్నా. ముప్పై దినాల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే పెద్దాఫీసుకు పోదాం. దానికి ఫారం గూడా ఇప్పుడే నింపిపెడతాండా, మనోవేదనకు పరిహారం ఎంత అడగమంటావు? ఆ గడి ఖాళీగా పెట్టినా. నాకు గడి ఖాళీగా ఉంటే చేయి దురద పెడుతుంది, జల్దీ చెప్పు.

శేషప్ప


ఎమ్మిగనూరు
3 జులై

శేషప్పా,

వాన ఒక్క చినుకు లేదు. విత్తనం ఏసినోళ్ళు ఆకాశం దిక్కు చూస్తా ఉగ్గాని తింటాండారు, ఎంత తిన్నారో గూడా వాళ్ళకు తెలీదు.

నీకు నిజం చెప్తా, నవ్వొద్దు. బేరం పెరిగింది. పెండ్లికూతురు యాడ అని చూసేకి వచ్చినోళ్ళు ఊరికే పోలేక ఒక ప్లేటు తిని పోతాండారు. నేసేవాళ్ళ పిల్లోళ్ళు పొద్దున్నే వచ్చి, "పెద్దమ్మా, ఈ దినం పెండ్లిచూపులు ఎన్ని గంటలకు?" అంటారు. గరిటె తీసుకొని తరుముతా. అందరం నవ్వుకుంటాం. లోకం నోరు నేను పడతా, ముప్పై ఏండ్లుగా హోటలు నడిపినదాన్ని.

సుధాకర్‌ను పడలేకపోతాండా. వాడిప్పుడు ఎదురుగా ఉండే దోసెల బండి దగ్గర తింటాండాడు. నా కండ్ల ముందరే, నాకు వీపు పెట్టి. ఎమ్మిగనూరంతా నా చేతి కూడు తింటుంది, నా కొడుకు తినడు. చూస్తా చూస్తా మొన్న రెండు వాయిల బజ్జీలు మాడబెట్టినా.

పరిహారం ఎంతంటావా? నీకు తోచింది రాయి. నాకు కావాల్సింది కాగితం. "ఈమె అడగలేదు, ఈమె ఒప్పుకోలేదు, మేమే చేసినాం" అని బ్యాంకోళ్ళు ముద్రేసి రాసియ్యాల. వానికి రికార్డు మీద గదా నమ్మకం, వాని మొహాన ఒక రికార్డు కొడతా.

అక్క


ఆదోని
23 జులై

అక్కకు,

బ్యాంకు జవాబు వచ్చింది. చదివినాక నాకు తల తీసేసినట్లైంది.

వాళ్ళు ఏం రాసినారో వినుకో. నీ ఫారంలో పద్నాలుగో గడి ఉందంట. "నా వివరాలు బ్యాంకు తన భాగస్వామ్య సంస్థలతో పంచుకొనుటకు సమ్మతిస్తున్నాను" అని. దాంట్లో టిక్కు ఉంది. కింద నీ సంతకం ఉంది. జిరాక్సు గూడా పెట్టినారు. కాబట్టి బ్యాంకు తప్పేమీ లేదంట, మీ సేవలో ఎల్లప్పుడూ అంట.

ఎందుకక్కా టిక్కు పెట్టినావు? పెట్టేముందు నన్ను ఒక మాట అడగొద్దా? బల్ల మీద ఇంత తెలిసినోన్ని కూర్చోనుంటే! ఫారాలంటే ఆటలనుకున్నావా? నా పరువు గూడా పోయింది. నా ముందర మహేశ్వర్ నవ్వినాడు.

శేషప్ప


ఎమ్మిగనూరు
24 జులై

శేషప్పా,

నేను పెట్టింది సంతకం ఒక్కటే. నువ్వు వేలు పెట్టి చూపించిన చోట పెట్టినా. ఆ ఫారం ఇంగ్లీషులో ఉండె. నేను చదివింది ఏడో తరగతి, అది గూడా తెలుగులో.

జిరాక్సు బాగా చూడు. టిక్కు ఎవరిదో గుర్తుపడతావు. కొస పైకి లేచి, తోక తిరిగి ఉంటుంది. ఆదోనిలో అట్ల పెట్టేవాడు ఒక్కడే.

అక్క


ఆదోని
11 ఆగస్టు

అక్కకు నమస్కారాలు,

ఆలస్యమైంది, ఏమనుకోవద్దు. ఈడ పది దినాలుగా జ్వరాలు. నాకు రాలేదు గానీ వీధిలో చాలామందికి వచ్చినాయి. ఈసారి పత్తి లేటంట. నీ మరదలు మోకాలు నొప్పికి కొత్త నూనె వాడతాంది, గుణం కనిపిస్తాంది. మున్సిపాలిటీ నీళ్ళు నాలుగు దినాలకొకసారి వదులుతాండారు.

బ్యాంకు సంగతి. నేను బాగా ఆలోచించినా. పెద్దోళ్ళతో గొడవ మనకెందుకు? మహేశ్వర్ మంచోడు. బ్యాంకు గుర్తుండే ప్రెషర్ కుక్కర్ ఒకటి ఇచ్చినాడు, ఐదు లీటర్లది, నీకని. వెంకటేశులు బస్సులో పంపిస్తాండా. పెండ్లి కంపెనీ నుంచి నీ పేరు తీయించినారంట, ఇంక ఎవరూ ఫోను చేయరు. ఇంతటితో వదిలేద్దాం. సుధాకర్ పిల్లోడు, కోపం ఎన్ని దినాలుంటుంది? ఆకలైతే వాడే వస్తాడు.

శేషప్ప


ఎమ్మిగనూరు
12 ఆగస్టు

శేషప్పా,

కుక్కర్ అదే బస్సులో వెనక్కి వస్తాంది. విజిల్ గూడా ఉంది, లెక్క చూసుకో.

ఐదు లీటర్లకు అమ్ముడుపోయినావా నువ్వు? పది లీటర్లది అడిగి ఉండొచ్చు గదా. లేకుంటే నీకు వేరే ఏమన్నా ముట్టిందా? నేను అడిగింది ఒక్క కాగితం. నా కొడుకు దోసెల బండి దగ్గర నిలబడి తినబట్టి రెండు నెలలైంది, నువ్వేమో నాకు మున్సిపాలిటీ నీళ్ళ కథ రాస్తావు. టిక్కు గురించి ఒక్క ముక్క రాయలేదు. నేను చదువుకోనిదాన్నే గానీ, రాయకుండా వదిలేసింది ఏదో చూసేకి చదువు అక్కర్లేదు.

నువ్వు పోకపోతే నేనే పోతా.

హులిగమ్మ


ఆదోని
20 ఆగస్టు

అక్కా,

డబ్బులేం ముట్టలేదు. నీ మీద ఒట్టు. భయపడినా, అంతే.

టిక్కు నాదే. జిరాక్సు చూసిన దినమే తెలిసింది. ఐనా నీకు ఎదురు తిరిగి రాసినా. నా మీద నాకే అసహ్యంగా ఉంది.

ఎట్ల జరిగిందో చెప్తా. నేను బల్ల పెట్టిన కొత్తల్లో, ప్రతి గడీ చదివి, కావాల్సిన దాంట్లోనే టిక్కు పెట్టేవాన్ని. లోపల కౌంటరులో గణేష్ ఉండాడే, ఖాళీ గడి కనిపిస్తే దాని చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి, కిటికీలో నుంచి ఫారం బయటికి విసిరేసేవాడు. ఏం గడి, ఎందుకు అని చూడడు. ఖాళీగా ఉంటే చాలు. పల్లెల నుంచి ఒక దినం కూలి పోగొట్టుకొని వచ్చినోళ్ళు, మల్లా రేపు రావాల. వాళ్ళ మొహాలు చూడలేక నేను అన్ని గడుల్లోనూ టిక్కు పెట్టేది అలవాటు చేసుకున్నా. అప్పటి నుంచి ఒక్క ఫారం వెనక్కి రాలేదు. నేను దాన్ని తెలివి అనుకున్నా. పన్నెండేండ్లలో ఎన్ని వందల మంది బతుకులకు టిక్కు పెట్టినానో! నిన్న దేవమ్మ, మన వీధిలో పాలు పోస్తుందే, "అన్నా, నాకెవరో ఇన్సూరెన్సోళ్ళు రోజూ ఫోను చేస్తాండారు, నా జబ్బు సంగతి వాళ్ళకెట్ల తెలిసిందన్నా?" అని అడిగింది. ఆమె ఫారం గూడా నేనే నింపినా.

ఈ జాబుతో ఒక కాగితం పెట్టినా. మహేశ్వర్ చెప్పిన దారి ఇది. "మధ్యవర్తి శేషప్ప నాకు చదివి వినిపించకుండా టిక్కు పెట్టినాడు, తప్పు అతనిదే" అని నువ్వు సంతకం పెడితే, నువ్వు ఒప్పుకోలేదని బ్యాంకు రాసిస్తుంది, రొంత పరిహారం గూడా ఇస్తుంది. నా బల్ల తీసేస్తారు. తీసేయనీ. నేనే నింపినా ఆ కాగితం. తెలుగులోనే రాసినా, చదువుకో. సంతకం పెట్టు. సుధాకర్ నీ దగ్గరికి రానీ.

రేపటి నుంచి నేను బల్ల దగ్గరికి పోవడం లేదు.

శేషప్ప


ఆదోని
19 సెప్టెంబరు

అక్కా,

నిన్న నువ్వు ఆదోనికి వచ్చినావంట. బ్యాంకులో రెండు గంటలు కూర్చున్నావంట. సుధాకర్ గూడా ఉన్నాడంట. వెంకటేశులు చెప్పినాడు. ఇంటికి రాకుండానే సాయంత్రం బస్సుకు పోయినావంట.

నీ మరదలు నీకని బొరుగుల ఒగ్గరణె చేసి పెట్టింది, కబురు తెలిసి. రాత్రి నేనే తిన్నా. సంతకం పెట్టి ఉంటావు. పెట్టినా మంచిదే. వచ్చి రెండు తిట్లు తిట్టిపోయి ఉంటే బాగుండె.

శేషప్ప


ఎమ్మిగనూరు
14 అక్టోబరు

తమ్మునికి,

హులిగమ్మ ఆశీర్వదించి రాసేది. ఆలస్యం చేసింది కోపంతో కాదు, చేతికి కాగితం వచ్చేదాకా నోరు విప్పకూడదని ఆగినా.

నీ కాగితం వచ్చిన దినం, దాన్ని పట్టుకొని నేరుగా దోసెల బండి దగ్గరికి పోయినా. సుధాకర్ చేతిలో ప్లేటు లాగి, ఇది చదవరా, మీ మామ తన కడుపు తాను కొట్టుకొని రాసినాడు అన్నా. వాడు చదివినాడు. నిలబడిన చోటే ఏడ్చినాడు, చట్నీ చేతులతోనే కండ్లు తుడుచుకొని ఇంకా ఏడ్చినాడు, మిరపకాయ చట్నీ గదా. "అమ్మా, నిన్ను నమ్మకపోతినే" అన్నాడు. ఆ పొద్దు నుంచి ఇంట్లోనే తింటాండాడు. అంటే నాకు కావాల్సింది బ్యాంకు ఇయ్యకముందే నువ్వు ఇచ్చినావు.

అట్లైతే ఆ కాగితం మీద సంతకం పెట్టొచ్చు గదా అంటావు. ఎందుకు పెడతా? నువ్వు టిక్కు పెట్టినావు, సరే. పెట్టేదాకా విసిరేసింది ఎవరు? సుధాకర్ పెద్దాఫీసుకు ఫిర్యాదు రాసినాడు. పోయిన నెల పద్దెనిమిదిన విచారణ. ఆఫీసరమ్మ టీవీలో కనిపించి మాట్లాడుతుందంట, మేము ఆదోని బ్రాంచిలో మేనేజర్ గదిలో కూర్చోవాలంట. గంట ముందే పోయినాం. నేను కొత్త ఫారం ఒకటి అడిగి, సుధాకర్‌తో ఒక్కొక్క గడి చదివించుకొని నింపించి, పద్నాలుగోది మాత్రం ఖాళీగా వదిలి, కౌంటరులో ఇచ్చినా. మీ గణేష్ తలెత్తలేదు. పెన్సిలు తీసినాడు, సున్నా చుట్టినాడు, "పూర్తిగా నింపుకొని రాపోమ్మా" అని విసిరేసినాడు. నేను కింద పడిన ఫారం తీసుకొని దులిపి, కొంగులో పెట్టుకొని, మేనేజర్ గదిలోకి పోయి కూర్చున్నా.

మహేశ్వర్ టీవీలో ఆయమ్మతో, ఆ గడి కస్టమర్ ఇష్టమేనండీ, ఎవరినీ బలవంతం చేయమండీ అని పావుగంట చెప్పినాడు. చెప్పనిచ్చినా. అయినాక ఫారం తీసి టీవీకి అతికించి చూపించినా. "తల్లీ, ఇది గంట కింద జరిగింది, సున్నా ఇంకా చెరగలేదు" అన్నా. ఆయమ్మ కండ్లద్దాలు సర్దుకొని, "మహేశ్వర్ గారూ, ఇదేంటి?" అంది. మహేశ్వర్ గ్లాసులో నీళ్ళు తాగినాడు. నా గ్లాసులోవి గూడా తాగినాడు.

నిన్న ఉత్తర్వు వచ్చింది. నేను ఒప్పుకోలేదని బ్యాంకు రాసియ్యాల, రాసిచ్చింది. యాభై వేలు పరిహారం. ఆ బ్రాంచిలో పద్నాలుగో గడి టిక్కులన్నీ కొట్టేసి, ఒక్కొక్కర్ని మళ్ళీ అడగాలంట, వాళ్ళ భాషలో. నీ పేరు అందులో యాడా లేదు, నేను రాయించలేదు. పోయి నీ బల్ల ఏసుకో. దేవమ్మకు ముందు చెప్పు.

ఇంటికి ఎందుకు రాలేదో చెప్తా. ఆ దినం సుధాకర్ ఒక్కొక్క గడి చదువుతాంటే, నేను ఔనంటి, కాదంటి. యాభై ఎనిమిదేండ్లకు మొదటిసారి, కాగితం మీద ఏముందో తెలుసుకొని సంతకం పెట్టినా. అప్పుడు ఒకటి గుర్తుకొచ్చింది. నాయన పోయిన ఏడు, చిప్పగిరిలో మన భూమి కాగితం మీద నాతో సంతకం పెట్టించినావు. పదకొండో దినం, ఇంటి నిండా చుట్టాలు, నేను కండ్లు తుడుచుకుంటా ఉంటే నువ్వు వేలు పెట్టి చూపించినావు. నేను పెట్టినా. ఏముందిరా అని అడగలేదు, నువ్వు చెప్పలేదు.

నేనేం పిచ్చిదాన్ని కాదు, దాంట్లో ఏముంటుందో నాకు అంచనా ఉంది. భూమి కోసం అడగడం లేదు. నాకు అది చదివి వినిపించాల. నువ్వే, నీ నోటితో.

అక్క


ఆదోని
16 అక్టోబరు

అక్కా,

నీ జాబు మూడుసార్లు చదివినా. బీరువాలో ఆ కాగితం నకలు ఉంది, తీసి సంచిలో పెట్టుకున్నా. దాంట్లో గడులేం లేవు. నాలుగు వరుసలే. నీ భాగం నీ ఇష్టపూర్తిగా నాకు వదిలేసినట్లు ఉంది. నీ ఇష్టం నేను అడగలేదు.

రేపు ఏడు గంటల బస్సుకు వస్తాండా. నీ ఎదురుగా కూర్చొని మొత్తం చదువుతా. చదివినాక నువ్వు ఔనంటే ఔను, కాదంటే కాదు. కాదంటే నీ భాగం నీకు తిరిగి రాసిచ్చే ఫారం గూడా తెచ్చుకుంటాండా. ఏమీ నింపలేదు.

శేషప్ప